చెయ్యేసినవాడి వాటా

పడవకి చెయ్యేసినవాడికే వాటా. షాదీపూర్ దిగువ ఒడ్డున వేటకెళ్ళే మా తెలుగు జాలరుల రివాజు ఇది. పెత్తనం చేసే సరంగైనా సరే, మొన్న చేరిన కొత్తవాడైనా సరే, తెల్లవారుజామున పడవని నీళ్ళలోకి తోసేటప్పుడు దాని మీద చెయ్యి పడాలి. పడితే ఆ రోజు చేపలో భాగం ఉంది, లేకపోతే లేదు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నవాడికి కూరకని నాలుగు చేపలు పంపిస్తారు. అది జాలి, వాటా కాదు. ఆ రెంటికీ తేడా మా పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. భీమిలి నుంచి ఈ దీవికి ఓడెక్కినప్పుడు మా పెద్దలు వలలతో పాటు ఈ రివాజునీ మూటగట్టుకుని వచ్చారని మా నాన్న అనేవాడు. అదే మా నూకన్నని మింగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండిపడాలో తెలియదు, అదీ నా బాధ.

నన్ను ఇక్కడ అచ్చమ్మ టీచర్ అంటారు. మా నాన్న చాతం రంపపు మిల్లులో దుంగలు దొర్లించి నన్ను చదివించాడు. దీవిలో పుట్టాను, దీవిలోనే తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నూకన్న నా బడికి వచ్చాడు. చదువుకున్నాడని మాత్రం అనను, అబద్ధమాడితే నోరు పుచ్చిపోతుంది. 'ల' రాయమంటే గాలం గీసి, కొసన చేపని కూడా తగిలించేవాడు. చెవి మెలిపెడితే నవ్వేవాడు. ఆ నవ్వుకి నా కోపం నిలిచేది కాదు.

వాడి తండ్రి అప్పలరాముడు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సర్కారు జాలరి కుటుంబాలని తెచ్చి ఇక్కడ దింపినప్పుడు చిన్నతనంలో వచ్చినవాడు. నలభై నిండకుండానే పడవలో గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. గంగమ్మ పిలిచిందన్నారు. కొబ్బరికాయ కొట్టి ఊరుకున్నారు. కొడుక్కీ ఆ పిలుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

నూకన్నకి ముప్ఫై మూడో ఏట వచ్చింది. వల లాగుతున్నాడు. చెమటలు ధారగా కారి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, పడవలోనే కూలబడ్డాడు. సరంగు రమణయ్య, అంటే వాడి పెళ్ళాం బుల్లమ్మకి మేనమామ, ఒక్క క్షణం ఆలోచించలేదు. చేపతో నిండిన వలని కత్తితో కోసి సముద్రంలో వదిలేసి ఇంజను తిప్పాడు. జాలరి వల కోశాడంటే పేగు కోసుకున్నట్టే. ఇక్కడి ఆసుపత్రి నుంచి మద్రాసుకి విమానంలో పంపారు. గుండె నాళంలో స్టెంటు వేశారు. నెల తిరిగేసరికి చిక్కి శల్యమై తిరిగొచ్చాడు.

"నానేటి పోతాననుకున్నారేటి టీచరమ్మా? తిరిగొచ్చీసినాను గదా!" అని గుమ్మంలో నిలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తిడతాను. "వచ్చావులే వెధవా, ముందు ఆ ఖైనీ ఉమ్మెయ్" అన్నాను. నోట్లో ఖైనీ లేదు. మద్రాసులోనే మానేశాడు. ఆ తరవాత ఎప్పుడూ ముట్టలేదు.

అప్పుడే ఆసుపత్రిలో 'గుండె క్లాసు' పెట్టారు. నలభై లోపు గుండె దెబ్బతిన్నవాళ్ళకి మాత్రమే. నడిపించేవాడు కుర్ర డాక్టరు సత్యారావు. దీవిలో పుట్టిన మనవాడే, తాతది శ్రీకాకుళం వైపు. తెలుగు గడగడా మాట్లాడతాడు, అక్షరం ముక్క చదవలేడు. "ముసలాళ్ళ పక్కన కూచోబెడితే కుర్రాళ్ళు సిగ్గుపడి మానేస్తున్నారు దీదీ, అందుకే వీళ్ళకి అలగ్‌గా పెట్టాను" అని నాతో చెప్పాడు. ప్రతి బుధవారం నడక, ఊపిరి కసరత్తు, తిండి సంగతులు, మందులు వేళకి మింగే సంగతి. ఇంట్లో మనిషిని ఒకరిని వెంట తీసుకురావాలన్నది నియమం. బుల్లమ్మ చేపల గంప అబర్డీన్ బజార్‌లో పక్కామెకి అప్పగించి వచ్చేది. హిందీ మాటలు దాటిపోతాయేమోనని నన్నూ లాక్కుపోయేది.

మొదటి రోజుల్లోనే బుల్లమ్మ పరువు పోయింది. "ఇంట్లో ఏం వండుతున్నావ్ దీదీ?" అని సత్యారావు అడిగాడు.

"మీరు సెప్పినట్టే సార్. సేప మంచిదన్నారు, ఉప్పు మానీమన్నారు. కూరలో గల్లు కూడా ఎయ్యడం లేదు" అంది బుల్లమ్మ గొప్పగా.

"శభాష్. మరి చప్పగా ఎలా తింటున్నాడు?"

"ఉప్పుసేప కాల్సి నంజుకి పెడతన్నాను గదా!"

సత్యారావు తల పట్టుకున్నాడు. క్లాసుకొచ్చే బెంగాలీ ఆటో డ్రైవర్, తెలుగు ముక్క రానివాడు కూడా ఆ తల చూసి నవ్వాడు. బుల్లమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి పోయి ఎండుచేపల కుండని తీసి పొరుగింటి వాళ్ళ అరుగు మీద పెట్టేసింది. ఆ రోజు నుంచి మా పేటలో ఎండుచేప వాసన రాని ఇల్లు అదొక్కటే.

నడక దగ్గర నూకన్నకి సిగ్గు. పొద్దున్నే ఏ పనీ లేకుండా రోడ్డు మీద నడిచే మగవాణ్ణి మా పేట ఎరగదు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు కనిపించింది వాళ్ళకి. "ఏట్రా నూకన్నా, పెద్ద ఆఫీసరువైపోనావేటి, ఊరికినే తిరుగుతన్నావు?" అని పళ్ళికిలించేవారు. వాడు రెండు రోజులు మానేసి, మూడో రోజు భుజాన తాడుచుట్ట వేసుకుని బయల్దేరాడు. ఒక రోజు సత్యారావు ఎదురై అడిగాడు.

"భయ్యా, ఆ తాడెందుకు?"

"వట్టి సేతుల్తో నడిత్తే పనికిమాలినోడనుకుంటారు సార్. బుజాన తాడుంటే ఏదో పనిమీద ఎల్తన్నాడనుకుంటారు."

సత్యారావు ఆ తాడుని చేత్తో ఎత్తి చూసి, "తేలిగ్గానే ఉంది, ఉంచుకో. ఆరామ్ సే నడు" అన్నాడు. ఆ తాడు ఏనాడూ ఏ పనికీ వెళ్ళలేదు. రోజూ ఒడ్డు నుంచి ఎగువకి, ఎగువ నుంచి అబర్డీన్ బజార్‌కి వెళ్ళి, బుల్లమ్మ గంప పక్కన కాసేపు కూచుని తిరిగొచ్చేది. మొదట్లో ఎత్తు ఎక్కేటప్పుడు మూడు చోట్ల ఆగేవాడు. తరవాత ఒక చోట ఆగేవాడు. ఆ పైన ఆగకుండా ఎక్కి, "సూసినారా టీచరమ్మా!" అని మా ఇంటి ముందు నుంచి అరిచేవాడు. సత్యారావుకి వాడంటే ప్రాణం. కొత్తగా వచ్చినవాళ్ళకి వాణ్ణి చూపించి, "ఇలా చెయ్యండి" అనేవాడు.

వాడికి ఉన్న ఆశ ఒక్కటే, మళ్ళీ సముద్రం మీదికి పోవాలి. వానలు వెళ్ళాక ట్రెడ్‌మిల్లు పరీక్ష చేస్తాననీ, అందులో గట్టెక్కితే ఇంజను దగ్గర కూచోవడానికి ఒప్పుకుంటాననీ సత్యారావు మాటిచ్చాడు. వల లాగకూడదు, పడవ తొయ్యకూడదు, ఇంజను మటుకు చూసుకోవచ్చు. "అదే సాలు సార్, నీళ్ళ మీదుంటే సాలు" అన్నాడు నూకన్న. ఆ పరీక్ష కోసమే వాడు చప్పిడి కూడు తిన్నాడు, తాడు మోశాడు, ఇష్టమైన ఖైనీకి బదులు సోంపు నమిలాడు.

కానీ పరీక్ష దూరంగా ఉంది, పొయ్యి దగ్గరగా ఉంది. పడవవాళ్ళు రోజూ కూరకి చేపలు పంపేవారు. అవి జాలి చేపలు. నూకన్న వాటిని ముట్టేవాడు కాదు. అమ్మడికి, అంటే వాడి కూతురికి, వడ్డించి తను మజ్జిగ పోసుకుని లేచేవాడు. మెల్లగా మాట తగ్గింది. నడక మానాడు. రెండు బుధవారాలు క్లాసుకి రాలేదు. నేను పోయి అరిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నవ్వే మొహం అలా చూడలేక నేనే బయటికి వచ్చేశాను.

"మనిసి సత్తే ఏడుత్తాం టీచరమ్మా, బతికుండి ఇలాగైపోతే ఏటి సేత్తాం?" అంది బుల్లమ్మ.

రమణయ్యకి ఈ సంగతి తెలిసింది. మంచివాడు రమణయ్య. ఆ మంచితనమే కొంప ముంచింది. ఒక సాయంత్రం నూకన్న ఇంటికొచ్చి, నిలబడే చెప్పాడు. "ఒరేయ్ అల్లుడా, రేపట్నుంచి ఒడ్డుకి రా. నువ్వు తొయ్యక్కర్లేదు. పడవకి చెయ్యేస్తే సాలు. మిగతాది మేం సూసుకుంటాం. చెయ్యేసినోడికి వాటా. ఎవుడూ నోరెత్తడు."

ఎంత బాగుందో చూడండి! రివాజు తప్పలేదు, జాలి అన్న మాట లేదు, వాడి గౌరవం వాడికి దక్కింది. పేటంతా రమణయ్యని మెచ్చుకుంది. మర్నాడు నూకన్న తెల్లారకముందే లేచి ఒడ్డుకి పోయాడు. వెనక కొసన, అందరి చేతుల పక్కన తన చెయ్యి వేశాడు. హైలెస్సా అన్నారు, పడవ దిగింది. వాడు ఒడ్డున నిలబడి వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసి, భుజాన తాడేసుకుని నడకకి బయల్దేరాడు. మధ్యాహ్నం వాటా ఇంటికొచ్చింది. ఆ పూట చాలా రోజులకి కడుపునిండా తిన్నాడని బుల్లమ్మ నా దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకుంది.

క్లాసులో కూడా వాడే గొప్పగా చెప్పుకున్నాడు. సత్యారావు మొహం కొంచెం ముడుచుకుంది. "చెయ్యి వేస్తే వెయ్యి భయ్యా. బలం మాత్రం పెట్టొద్దు. ఊపిరి బిగబట్టి తోశావంటే గుండె మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. సమఝ్ గయే?" అన్నాడు.

"తొయ్యను సార్. చెయ్యేత్తానంతే, బస్" అన్నాడు నూకన్న.

ఆషాఢం వచ్చింది. నైరుతి గాలికి అలలు లేస్తున్నాయి, పడవల్ని బాగా పైకి లాగి ఉంచుతున్నారు. అంటే పొద్దున్నే తొయ్యాల్సిన దూరం కూడా పెరిగింది. ఒక ఉదయం పాల కోసం దిగువకి పోయి, ఆ తోయడం నా కళ్ళతో చూశాను. అందరి పిక్కలూ బిగిశాయి. నూకన్న పిక్కలూ బిగిశాయి. మెడ నరాలు తేలాయి. పడవ దిగిందాకా ఆగి, పాలచెంబు ఇసకలో పెట్టి వాడి ముందుకు పోయాను.

"ఒరేయ్! చెయ్యి వేస్తానంతే అన్నావ్, ఇదేనా? నాకు కళ్ళు లేవనుకున్నావా?"

వాడు రొప్పుతూనే నవ్వాడు. "సెయ్యేసినాక తొయ్యకుండా ఎలగుంటాం టీచరమ్మా?"

ఆ మాటకి నేనింకా గట్టిగా అరిచాను. ఆ సాయంత్రం బుల్లమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఇద్దరం కలిసి వాడి దుమ్ము దులిపాం. రమణయ్యని కూడా పిలిచి కడిగేశాను. "ఇక నుంచి వాణ్ణి నా పక్కన ఉంచుకుంటానమ్మా, వేలు మాత్రమే ఆనిస్తాడు" అన్నాడు ఆయన. నూకన్న అమ్మడి తల మీద చెయ్యి పెట్టి తొయ్యనని ఒట్టేశాడు. ఆ పిల్ల తండ్రి చెయ్యి తన తల మీద నుంచి తియ్యనివ్వలేదు, ఆట అనుకుంది.

కొన్నాళ్ళు ఒట్టు నిలిచింది. వానలు తగ్గుముఖం పట్టాయి. పరీక్ష రోజు దగ్గర పడింది. బుల్లమ్మ వాడికి కొత్త బూట్లు కొంది, ట్రెడ్‌మిల్లు మీద చెప్పులు జారతాయని ఎవరో చెప్పారట. వాటిని వాడు అటక మీద పెట్టాడు, పరీక్ష రోజే వేసుకుంటానన్నాడు.

ఆ వారంలోనే అది జరిగింది. పడవ సగం నీళ్ళలో ఉండగా పెద్ద అల వచ్చి వెనక్కి నెట్టిందట, పడవ పక్కకి తిరగబోయిందట. అలాంటప్పుడు ఎవడి ఒళ్ళు వాడి మాట వినదు. అందరూ కేకేసి ఒక్కసారి తోశారు. పడవ సర్దుకుని నీళ్ళలోకి దూసుకుపోయింది. అందరూ గబగబా ఎక్కేశారు. రమణయ్య వెనక్కి తిరిగి చూస్తే నూకన్న ఇసకలో కూచుని ఉన్నాడు. చెయ్యెత్తాడు. వెళ్ళండని చెయ్యి ఊపాడనే ఆయన అనుకున్నాడు. తనూ చెయ్యి ఊపాడు.

వాడు నడకకి పోయాడని బుల్లమ్మ అనుకుంది. బజారుకి వేరే పడవల చేపలు ఎత్తుకోడానికి గంపతో ఒడ్డుకి దిగేదాకా ఎవరికీ తెలియలేదు. తాడుచుట్ట తల కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఆమె కేక మా ఇంటి దాకా వినిపించింది. నేను చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తాను. ఆ వయసులో అలా పరుగెత్తగలనని నాకే తెలియదు. ఎవరో ఆటో తెచ్చారు. ఆసుపత్రిలో సత్యారావే ఎదురొచ్చాడు. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు, పెద్ద డాక్టరు వచ్చి భుజం పట్టుకుని ఆపేదాకా.

మధ్యాహ్నానికి పడవ తిరిగొచ్చింది. ఆ రోజు చేప బాగా పడింది. దూరం నుంచే ఒడ్డున జనాన్ని చూసి, ధర కోసం వచ్చిన వ్యాపారులనుకున్నారట. రమణయ్య నూకన్న వాటాని ముందే వేరే బుట్టలో వేసి, పైన మంచి వంజరం ఒకటి పెట్టి ఉంచాడు. ఆ బుట్ట పట్టుకునే దిగాడు. దిగి, మా మొహాలు చూసి, బుట్ట చేతిలో ఉండగానే కూలబడ్డాడు.

"నానే సంపేసినానమ్మా. నానే రమ్మన్నాను" అని ఇసకలో తల కొట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. ఆ తరవాత నేనే పోయి పట్టుకున్నాను.

బుల్లమ్మ ఏడవలేదు. "ఒట్టేసినాడు టీచరమ్మా. పిల్లమీద ఒట్టేసినాడు" అని మాత్రం రెండు రోజులు అందరికీ చెప్పింది. అటక మీది బూట్లు తీసి గుమ్మం దగ్గర పెట్టింది, మళ్ళీ తీసి లోపల పెట్టింది.

సత్యారావు దినాల్లో వచ్చాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూచోకుండా నేల మీద చతికిలబడ్డాడు. నాతో అన్నాడు. "నేను ఇంటివాళ్ళని తీసుకురమ్మన్నాను దీదీ. పడవవాళ్ళని తీసుకురమ్మనలేదు. వాడి ఇల్లు పడవ అని నాకెందుకు తట్టలేదు?" నాకు వాడి మీద కోపం రాలేదు. పాపం, వాడికీ ముప్ఫై ఏళ్ళే.

పెద్దకర్మ అయ్యేదాకా పడవ కదల్లేదు. తరవాత వేట మొదలైంది. పొట్టలు ఊరుకోవు కదా. మొదటి రోజే రమణయ్య నూకన్న వాటా బుల్లమ్మ గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ఆమె దాన్ని తిరిగి ఒడ్డుకి తీసుకుపోయి పడవ పక్కన పెట్టి వచ్చింది. మర్నాడూ అంతే. "తీసుకోవే పిచ్చిదానా, పిల్ల ఉంది" అన్నాను. "సెయ్యెయ్యనోళ్ళకి వాటా ఏటి టీచరమ్మా? ఆయన తినలేదు, నాను తింతానా?" అంది. మొగుడికి తగ్గ పెళ్ళాం. దెబ్బలాడి దెబ్బలాడి నా గొంతు పోయింది.

ఆ వారం చివర్లో ఒక రోజు తెల్లవారుతుండగా కిటికీలోంచి చూస్తే, బుల్లమ్మ ఒడ్డువైపు దిగుతోంది. చేతిలో గంప లేదు. అమ్మడిని చంకనెత్తుకుంది. పాడు ఆలోచనలన్నీ వచ్చాయి. పరుగున వెంటపడ్డాను.

పడవ చుట్టూ మగవాళ్ళు చేతులు వేసి ఉన్నారు. వెనక కొసన నూకన్న చోటు ఖాళీగా వదిలేశారు, అక్కడ ఎవరూ నిలబడటం లేదు. బుల్లమ్మ పిల్లని నా చేతికిచ్చింది. కొంగు నడుముకి బిగించింది. పోయి ఆ ఖాళీలో నిలబడి, పడవకి రెండు చేతులూ ఆనించింది. ఆడమనిషి పడవ ముట్టుకోవడం మా ఒడ్డున లేదు. ఒకడు ఏదో అనబోయాడు. రమణయ్య వాడివైపు చూశాడు, వాడు నోరు మూసుకున్నాడు.

రమణయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. "అమ్మా బుల్లీ... చెయ్యేస్తే సాలమ్మా. నువ్వు తొయ్యకు."

బుల్లమ్మ తల ఎత్తలేదు.

"సెయ్యేసినాక తొయ్యకుండా ఎలగుంటాం మావా?" అంది.

హైలెస్సా అని ఎవరూ అనలేదు. ఆమె తోసింది, అందరూ తోశారు. పడవ నీళ్ళలోకి దిగింది.